మూడో మాట

సూళ్లూరుపేట స్టేషన్లో మద్రాసు ప్యాసింజరు దిగిన గూఢచారి శాఖ చీఫ్ పద్మనాభయ్య పది అడుగులు వేశాడో లేదో, సైలెన్సర్ పిస్టల్ తుస్సుమంది. ఎండుచేపల బ్రోకర్ వేషంలో ఎదురొచ్చిన ఏజెంట్ జయరామయ్య మీదికే చీఫ్ ఒరిగిపోయాడు.

"ఉప్పు గోదాం... నాలుగ్గంటలకి," అంటూ చీటీ ఒకటి గుప్పిట్లో కుక్కాడు. "మొత్తం మూడుండాల. తప్పినాదంటే..."

అంతే. ప్రాణం పోయింది.

చీటీలో రెండే మాటలు. పులి. కాకి.

1969 జూలై. నాలుగింటికి ప్రభుత్వ సర్వే లాంచి శ్రీహరికోట దగ్గర నీళ్లు సముద్రంలో కలిసే మొగలోకి వస్తుంది. అడుగున విదేశీ ముఠా పెట్టిన మైన్లు. లాంచిలో ముప్పై ఎనిమిది మంది. అందులో ఒకడు చెంచురామయ్య, జయరామయ్య చెల్లెలి మొగుడు. కాళ్లావేళ్లా పడి ఆ ఉద్యోగం వేయించింది జయరామయ్యే. ఆపమని చెబుదామంటే లాంచికి వైర్‌లెస్ లేదు. ఇవ్వండని చీఫ్ మూడుసార్లు రాస్తే పై ఆఫీసు దొరలు ఆ ఫైలు మీద టీ కప్పు పెట్టుకున్నారు!

మూడు యాభై రెండు. గోదాం తలుపు విరిగిపడింది. లోపల జనరేటర్ రొద. కంప్యూటర్ ముందు నల్లకళ్లద్దాలు, పట్టుచీర, సిగరెట్టు. ప్రేమలీల! మన డిపార్ట్‌మెంట్‌కీ ముఠాకీ ఒకేసారి పనిచేసే మహాతల్లి. జయరామయ్య గొడుగు పిస్టల్ గురిపెట్టాడు.

"కాల్చండి జయరామయ్యగారూ. తీగలు కూడా తెంపండి. మెషీన్ ఆగిందంటే మైన్లు పేలతాయి," అందామె చల్లగా. "ఆపాలంటే 'దివిటీ' ప్రోగ్రాం నడపాల. పక్కన మాటలు కొట్టాల. లెక్క మూడు కాకపోయినా పేలుడే."

"నా దగ్గర రెండే ఉండాయి."

"మూడోది నా దగ్గరుంది. వల. నన్ను పడవెక్కి పోనిస్తానంటే కొట్టుకోండి."

మూడు యాభై ఏడు. జయరామయ్య చెల్లెలికి ఏం ముఖం చూపిస్తాడు? టెలిటైప్ మీద దివిటీ, పులి, కాకి కొట్టాడు. 'వల' మొదటి అక్షరం కూడా పడింది.

ఆగాడు. ఇంత చవగ్గా ఎందుకిస్తోంది?

గోడకున్న అసెంబ్లీ లిస్టింగ్, అంటే మెషీన్‌కిచ్చిన ఆజ్ఞల పట్టీ, పీకాడు. మద్రాసులో ఎవడూ నేర్పకపోతే పాత మాన్యువళ్లు నమిలి నేర్చుకున్న విద్య. టైపు కొట్టిన మాటల్ని మెషీన్ మెమరీలో స్టాక్ అనే దొంతర మీద వరుసగా గదుల్లో పెడుతుంది. అన్నిటికంటే పైన, ఎన్ని మాటలో ఆ లెక్క. ప్రోగ్రాం ముందు లెక్క తీసి మూడుతో పోలుస్తోంది. తర్వాత ఒకటో గది చదివింది, రెండో గది చదివింది. సున్నా గది జోలికే పోలేదు. మూడో గది అసలు లేదు!

మరి సున్నా గదిలో ఏముంది?

కళ్లంలో నాన్న వడ్లు కొలుస్తున్న గొంతు చెవిలో పడింది. మొదటి కుంచానికి ఒకటి అనడు. "లాభం" అంటాడు. తర్వాత రెండు, మూడు. ఒకటి అనలేదని ఆ కుంచం లెక్కలోంచి పోతుందా? బస్తాలోనేగా పడేది! సున్నా గదిలో ఉన్న దివిటీ అనే పేరే ఆ మొదటి కుంచం. పేరుతో కలిపే మూడు!

"కొట్టండి! నిమిషం కూడా లేదు!" ప్రేమలీల గొంతులో మొదటిసారి తొందర.

"నువ్వు కొలతలప్పుడు కళ్లంలో నిలబడలేదు తల్లీ."

'వ' అక్షరం చెరిపేశాడు. కళ్లు మూసుకుని రిటర్న్ మీట నొక్కాడు.

టెలిటైప్ టకటకలాడింది. మొగ వైపు చెవులు రిక్కించాడు. అలల హోరు. కొంగల అరుపులు. ఆ తర్వాత లాంచి కూత, పొడుగ్గా.

జయరామయ్య గొడుగు పిస్టల్ మళ్లీ ప్రేమలీల వైపు తిప్పాడు.

అయిదింటికి చెంచురామయ్య ఒడ్డున దిగాడు. చేతులకు బేడీలతో జీపెక్కుతున్న పట్టుచీరను వింతగా చూశాడు. బావ చొక్కా మీది నెత్తుటి మరక కూడా గమనించలేదు.

"ఇదేం ఉద్యోగం వేయించినావు బావా?" అన్నాడు ఆవులిస్తూ. "పొద్దుట్నించీ ఒక్కటంటే ఒక్కటి జరగలా. వేరే ఏదైనా ఉంటే చూడు."