సొట్టబుగ్గ చెప్పిన తీర్పు

"కాలిన కంపు," అన్నాడు లియావ్ కాయ్, ఆవిరి వదిలి మొహం చిట్లిస్తూ. "మీ దూది పనికిరాదు. తీసుకెళ్ళండి."

బల్లకి అవతల నిలబడ్డ అమ్మాయి తీసుకెళ్ళలేదు. ఒక చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగు, చంకలో దూది సంచి. షాజింగ్ పట్నంలో పొద్దుటినుంచీ ఒకటే వాన. తను సగం తడిసింది గానీ సంచి మీద మాత్రం ఒక్క చుక్క కూడా పడలేదు.

"దూది కాలలేదు. మీరు కాల్చారు."

"నేనా?"

"దిండులో కూరినట్టు కూరారుగా! తీగచుట్టలో అంత దూది కుక్కితే దానికి తడి ఎలా అందుతుంది? మీ గొంతు నొక్కిపట్టి మంచినీళ్ళు తాగమంటే తాగుతారా?"

వెనకాల లెక్కలు చూసుకుంటున్న కువాంగ్ అక్క ఫక్కున నవ్వింది. ఆ వర్క్‌షాపు ఆవిడదే. అక్కడ తయారయ్యేవి అటామైజర్లు. ఆవిరి పీల్చే పరికరానికి తలకాయ లాంటివి. కొనుక్కున్నవాళ్ళు లోపలి తీగనీ, దూది వత్తినీ తామే మార్చుకోవచ్చు. వత్తి బాగా కుదిరితే రుచి, కుదరకపోతే మాడు. వత్తి పెట్టి, పీల్చి, బాగోగులు చెప్పడం కాయ్ ఉద్యోగం. ఐదేళ్ళుగా అతని నాలుక ఏమంటే అక్కడ అదే శాసనం. అలాంటివాణ్ణి పట్టుకుని దూది అమ్ముకునే పిల్ల దిండు కూరావంటుందా!

"అంత తెలిసినదానివైతే నువ్వే పెట్టు," అన్నాడు. 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది.

"పెడతా. జరుగు."

ఆ పిల్ల పేరు పెంగ్ రుయి. తండ్రి దూదేకే మనిషి, హూనాన్ నుంచి వచ్చి ఇక్కడ వెనక వీధిలో పెళ్ళి రజాయిలు చేస్తాడు. రుయి కుర్చీ లాక్కుని కూర్చుంది. చిన్న దువ్వెన తీసి వత్తి కొసలు రెండూ మెల్లగా దువ్వింది. దువ్విన కొద్దీ అక్కడి దూది సగానికి సగం రాలిపోయింది. తీగచుట్ట లోపల నిండుగా, బయట కొసలు పల్చగా. వాటిని ద్రవం నిలిచే అడుగు గుంటల్లోకి నొక్కకుండా వదులుగా పడుకోబెట్టింది.

"మా నాన్న రజాయి అంచులు ఇలాగే పల్చన చేస్తాడు. ఇప్పుడు చూడు."

ముందు తనే ఒక గుక్క పీల్చి చూసుకుని అతనికి అందించింది. కాయ్ పీల్చాడు. లీచీ పండు అప్పుడే ఒలిచి నాలుక మీద పెట్టినట్టుంది. ఐదేళ్ళలో ఇంత శుభ్రంగా ఆ రుచి రాలేదు. ఒప్పుకోవడానికి మాత్రం మనసొప్పలేదు.

"పర్వాలేదు," అన్నాడు.

రుయి ఎడమ బుగ్గ మీద సొట్ట పడింది.

"రేపట్నుంచి పనిలోకి వచ్చేయ్ అమ్మాయ్," అంది కువాంగ్ అక్క. "వీడి పొగరుకి ఇన్నాళ్ళకి మందు దొరికింది."

అలా మొదలయ్యాయి ప్రయోగాలు. కొత్త మోడల్‌కి ఏ వత్తి నప్పుతుందో తేల్చాలి. చాపలా చుట్టిన వత్తి, మడత వత్తి, జడలా అల్లిన వత్తి, ఉడకబెట్టి ఆరేసిన దూది వత్తి. బిగిస్తే మాడింది. వదులు చేస్తే కారింది. ఓసారి కారడం కారడం కాయ్ కొత్త ప్యాంటు మీదే కారింది.

"అయ్యయ్యో, సరిగ్గా ఎక్కడ పడాలో అక్కడే పడిందే!" అంది రుయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"నవ్వు, నవ్వు. కావాలనే చేశావు."

"కావాలని చేస్తే ఇంత అందంగా కుదరదు."

రోజూ పోట్లాటే. పోట్లాట లేని రోజు ఇద్దరికీ మధ్యాహ్నం అన్నం సహించేది కాదు.

ఉన్నట్టుండి ఒక పొద్దున, లీచీలు ఇంకా బజారుకి రాకముందు, కాయ్ నాలుక మొద్దుబారింది, ముక్కు కూడా. లీచీ పీల్చినా, పుదీనా పీల్చినా వెచ్చటి గాలే. ఈ పనిలో ఉన్నవాళ్ళకి అప్పుడప్పుడూ వచ్చేదే. కొన్నాళ్ళు మానేస్తే అదే తిరిగొస్తుంది. మానేస్తే కదా! కొత్త మోడల్ నెత్తి మీద కూర్చుంది. అక్కకి చెబుదామని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. నాలుక తప్ప ఇంకో విద్య రానివాడు. నాలుక పోయిందంటే ఎవరు ఉంచుకుంటారు?

ఆ భయంలోనే ఒక ఉపాయం తట్టింది. ఏ వత్తి అయినా ముందు రుయి పీల్చి చూసి అతనికిస్తుంది. పాపం ఆ పిల్లకి మొహం దాచుకోవడం రాదు. బాగుంటే ఎడమ బుగ్గ సొట్టపడుతుంది. మాడితే ముక్కు పైకి లేస్తుంది. తీపి తగ్గితే కింది పెదవి కొరుక్కుంటుంది. కాయ్ ఆ మొహం చూసి, తన వంతు పీల్చి, పెద్దమనిషిలా తలాడించి తీర్పు చెప్పేవాడు. ఒక్కటీ తప్పు పోలేదు.

దీనికి రేయింబవళ్ళు ఆ మొహమే చూడాల్సి వచ్చింది. చూస్తున్నాడన్న సంగతి వర్క్‌షాపంతా చూసింది.

"ఒరేయ్, వత్తి మీద పెట్టరా చూపు," అనేది కువాంగ్ అక్క. "వత్తి చేసే పిల్ల మీద కాదు."

రుయి వినీ విననట్టు ఊరుకునేది. ఓ రోజు ఉండబట్టలేక అడిగేసింది.

"ఏంటి, అలా చూస్తావ్?"

"ఏం లేదు."

"ఏం లేకుండానే రోజూ చూస్తావా?"

అతను గబగబా వత్తి మీదకి వంగాడు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. మర్నాడు అన్నం డబ్బాలో అతనికోసం విడిగా ఊరమిరపకాయ పచ్చడి తెచ్చింది. దాని కారానికి అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఏడవకు, అలవాటవుతుంది," అంది ఎంతో మెత్తగా.

అప్పుడు అర్థమైంది కాయ్‌కి తనెంత ఇరుక్కుపోయాడో. ఆదివారాలు వత్తులుండవు. తీర్పులుండవు. అయినా బస్సు కిటికీ మీద వాన చారలు దిగుతుంటే వాటి వెనకాల ఆ సొట్టే కనిపించేది. ఆ అమ్మాయంటే అతనికి ప్రాణమైపోయింది. రేపు చెప్పేద్దాం, నాలుక సంగతీ ఈ సంగతీ కలిపి చెప్పేద్దాం అనుకునేవాడు. ఆ రేపు రాలేదు.

వత్తి ఖాయం చేసే రోజు వచ్చింది. రుయి జలుబుతో, మొహానికి మాస్కుతో వచ్చింది.

"ముక్కు పూర్తిగా పట్టేసింది," అంది బొంగురుగా. "నాకు మట్టీ తెలీదు, మామిడీ తెలీదు. ఈ రోజు నీ నాలుకే దిక్కు."

మాస్కు వెనక సొట్టా కనబడదు, ముక్కూ కనబడదు, పెదవీ కనబడదు.

కువాంగ్ అక్క వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. పళ్ళెంలో రెండు అటామైజర్లున్నాయి. కాయ్ చేయి చాచి ఒకటి తీసుకున్నాడు. "అది కా..." అని రుయి అనబోయేలోగా పీల్చేశాడు. ఆమె వైపు చూశాడు. మాస్కు పైన కళ్ళు ఇంతలేసి అయ్యాయి. సంతోషమే అనుకున్నాడు పిచ్చి మహారాజు.

"అబ్బ! ఏం లీచీ అక్కా! ఇంత బాగా ఎప్పుడూ రాలేదు." ఆ కళ్ళు ఇంకా పెద్దవయ్యేసరికి ఉత్సాహం కూడా పెరిగింది. "చివర్లో టీ ఆకు వాసన కూడా సన్నగా తగుల్తోంది."

"అయితే ఇదే ఖాయమా?"

"అక్కా," అంది రుయి అతని మొహంలోకి చూస్తూనే. "ఇంకోసారి సరిచూసుకుని రేపు చెప్తాం."

అక్క వెళ్ళిపోయింది.

"అందులో లీచీ లేదు," అంది రుయి. "టీ ఆకూ లేదు. రుచీ వాసనా కలపని వట్టి ద్రవం. వత్తి ఎంత తొందరగా పీలుస్తుందో చూద్దామని పోశాను."

కాయ్ కుర్చీలో కూలబడ్డాడు.

"నీకు రుచి తెలీనిది ఎప్పట్నుంచి?" అంది రుయి.

"లీచీలు రాకముందు నుంచి."

"మరి ఇన్నాళ్ళూ ఒక్కటీ తప్పు చెప్పలేదే!"

"నీ మొహం చూసి చెప్పాను." దాచి లాభం లేదు. సొట్ట, ముక్కు, పెదవి, అన్నీ చెప్పేశాడు. ఇంకో సందర్భంలో అయితే ఏ అమ్మాయైనా మురిసిపోయే మాటలే.

రుయి చేతిలో దువ్వెన బల్ల మీద పెట్టింది. "అంటే ఆ చూపులన్నీ దూది కోసమా?"

"మొదట్లో..." అన్నాడు. పోయిన నాలుక రెండోసారి కూడా పోయింది.

"చాల్లే," అంది. "నేనెంత వెర్రిదాన్ని. పచ్చడి కూడా తెచ్చిపెట్టాను." మాస్కు అంచు తడిసింది. గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు రుయి బల్ల గోడ వైపు తిరిగి ఉంది. కాయ్‌కి ఆమె వీపే కనిపించింది. అతను తిన్నగా కువాంగ్ అక్క గదిలోకి నడిచాడు. తలుపు కూడా వేయలేదు.

"అక్కా, నా నాలుక పనిచేయట్లేదు. ఇన్నాళ్ళూ తీర్పు చెప్పింది రుయి. నేను పైకి చదివి వినిపించానంతే. ఆ కుర్చీ ఆమెది. నన్ను తీసేసినా సరే."

"వెధవా!" అక్క గొంతు కింది అంతస్తు దాకా వినిపించింది. "మొదటి రోజే చెప్తే సెలవిచ్చేదాన్ని కదరా! నాకెవరైనా సరుకు తిప్పి పంపుంటే? నేనేమైపోయేదాన్ని?" తిట్టీ తిట్టీ మంచినీళ్ళు తాగింది. "పో. పెట్టెలు కట్టే చోట కూర్చో. మళ్ళీ ఆవిరి దగ్గరికొచ్చావో కాళ్ళు విరగ్గొడతా. అమ్మాయ్ రుయీ! జలుబు తగ్గాక నువ్వు చూడు రుచి."

"సరే అక్కా," అంది రుయి. వెనక్కి మాత్రం తిరగలేదు.

కాయ్ పెట్టెలు కట్టాడు. ఆవిరి జోలికి పోలేదు. క్షమించమని వెంటపడలేదు. ఏ మొహం పెట్టుకుని పడతాడు? రుయి దువ్వెనతో దువ్విన వత్తే ఖాయమైందని పెట్టెల మీద బొమ్మ చూసి తెలుసుకున్నాడు. ఒంటరిగా ఉన్నప్పుడు నవ్వుకున్నాడు, వెంటనే దిగులేసింది.

ఓ సాయంత్రం అక్క అతన్ని పిలిచి, దూది అయిపోయింది, రుయి నాన్న పెంగ్ కొట్టుకెళ్ళి పట్రమ్మంది.

"వేరే ఎవరినైనా..."

"వేరే ఎవరూ ఖాళీగా లేరు. నడు." అందరూ ఖాళీగానే ఉన్నారు.

మళ్ళీ వాన. వెనక వీధిలో దూదేకే విల్లు టంగ్ టంగ్ అని మోగుతోంది. గుమ్మంలో అడుగుపెట్టగానే కాయ్ ఆగిపోయాడు. ఇన్నాళ్ళ తర్వాత వాసన! ఎండలో ఆరిన పచ్చి దూది వాసన. ముక్కు నిండా, గుండె నిండా. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఎవరూ?" పెంగ్ విల్లు దించాడు. కనుబొమ్మల మీద కూడా దూదే.

"కువాంగ్ అక్క పంపించింది అంకుల్."

"ఓహో! మొహాలు చదివే పండితుడివి నువ్వేనా?"

"రుయి చెప్పిందా?"

"చెప్పడమా! మా ఇంట్లో కూర లేని పూట ఉంది గానీ నీ మీద తిట్లు లేని పూట లేదు. ఊరికే నిలబడకు, ఆ కొస పట్టుకో."

బల్ల మీద తెల్లటి దూది పరుపులా పరుచుకుని ఉంది. దాని నడుమ ఎర్ర దారంతో, కొత్త దంపతులకి జోడు సంతోషం కోరే జంట అక్షరం. పెళ్ళి రజాయి. ఇక పైన వలలా తెల్లదారం పరవాలి. అటొకరు ఇటొకరు నిలబడి అందుకోవలసిన పని.

"చేతులు చూసుకోకు, తెగుద్ది. ఎదుటి మనిషిని చూడు," అన్నాడు పెంగ్. అంతలోనే నడుం పట్టుకుని, "అబ్బా, పట్టేసింది. అమ్మా రుయీ! ఇటు రా. ఈ అబ్బాయొచ్చాడు. నా కొస నువ్వు పట్టు. పొద్దున్నే పెళ్ళివాళ్ళొస్తారు" అని కేకేశాడు.

రుయి గరిటె చేత్తోనే వచ్చింది. కాయ్‌ని చూసి ఆగింది. ఆ నడుం పట్టేసిన పెద్దమనిషి ఆమె చేతిలో గరిటె లాక్కుని చకచకా లోపలికి నడిచాడు.

దారం అటు వెళ్ళింది, ఇటు వచ్చింది.

"చూడకు," అంది రుయి.

"చూడకపోతే తెగుద్దన్నారు మీ నాన్న."

మరో నాలుగు దారాలు నడిచాయి.

"ఆ రోజు 'మొదట్లో' అని ఆగిపోయాను," అన్నాడు కాయ్. "మొదట్లో దూది కోసమే చూశాను. అది నిజం. తర్వాత వత్తులు లేని రోజు కూడా నువ్వే కనిపించావు. నీకు చెప్పకుండా నీ మొహాన్ని వాడుకున్నాను, అది తప్పు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. నువ్వెళ్ళిపోయాక తెలిసింది, భయపడాల్సింది దానికి కాదని. నువ్వంటే నాకిష్టం రుయీ. చాలా ఇష్టం."

రుయి చేతిలో దారం జారి వేలాడింది.

"దారం!" లోపలినుంచి పెంగ్ కేక.

ఆఖరి వరస అయ్యాక రుయి లోపలికెళ్ళి, పొగలు కక్కుతున్న గిన్నెతో వచ్చింది. గంజి.

"కళ్ళు మూసుకో. నా మొహం చూడకుండా చెప్పు, ఇందులో ఏముందో."

కాయ్ కళ్ళు మూసుకున్నాడు. ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు.

"అల్లం," అన్నాడు. "ఎండబెట్టిన ఆల్చిప్ప మాంసం. తెల్ల మిరియాలు."

"ఇంకా?"

"ఉప్పు." తటపటాయించాడు. "రెండుసార్లు వేశావు."

రుయి బొంగురు గొంతు వినబడింది. "నువ్వొచ్చావని నాన్న కేకేశాడు. వేశానో లేదో గుర్తురాలేదు."

అతను కళ్ళు తెరిచాడు. ఎడమ బుగ్గ మీద సొట్ట పడి ఉంది, కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"ఇప్పుడు రుచి తెలుస్తోందిగా. ఇంకా ఎందుకలా చూస్తున్నావ్?"

"ఇప్పుడు దేనికీ కాదు," అన్నాడు కాయ్. "ఊరికే."

ఆ ఉప్పుగంజి చివరిదాకా తాగి, ఇంకో గరిటె వెయ్యమని గిన్నె చాచాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న పెంగ్, బల్ల చివర మిగిలిన ఎర్రదారం ఉండ తీసి దూది దులిపాడు.

"ఇది మిగిలిందమ్మా. వేరేవాళ్ళ పెళ్ళి రజాయికి వాడెయ్యనా, దాచనా?"

రుయి కాయ్ మొహం మీంచి చూపు తిప్పలేదు.

"దాచు నాన్నా."