బేస్ వెయ్యని గోరు

గురువారం ఉదయం తొమ్మిదిన్నరకి, రూసె పట్నంలో డాన్యూబ్ నది వైపు కిటికీ ఉన్న ఒక వంటింట్లో, మెతోది అనే అరవయ్యేళ్ళ రసాయన నిపుణుడు పెరుగు గిన్నెలో ముఖం పెట్టి చచ్చిపోయి ఉన్నాడు. కత్తిపోటు లేదు. తూటా లేదు. మెడ మీద వేలిముద్ర లేదు. పది గోళ్ళకీ మాత్రం లేత గులాబిరంగు నెయిల్ పాలిష్ ఉంది.

మగవాడికి గోళ్ళరంగేమిటని ముక్కున వేలేసుకోకండి. మెతోది వృత్తే అది. కొత్త రకం పాలిష్ ఏది కలిపినా ముందు ఇంటికి తెచ్చుకుని తన గోళ్ళకే వేసుకుని చూసేవాడు. అద్దంలా మెరిసేవి, ఎండిన చెరువులా పగుళ్ళిచ్చేవి, అయస్కాంతం చూపిస్తే పిల్లికన్నులా గీత పడేవి, వేడికీ చలికీ రంగు మారేవి. రొట్టెల కొట్టుకి వెళితే అక్కడి అమ్మాయిలు రొట్టె తూయడం మర్చిపోయి ఆయన చేతులే చూసేవారు.

మధ్యాహ్నం మూడింటికి కల్నల్ గుంచెవ్ ఆఫీసులో బ్రీఫింగ్ జరిగింది. బయట బోర్డు మీద "నదీ జలాల కొలతల శాఖ" అని ఉంటుంది. ఆ ఆఫీసులో ఇంతవరకు ఒక చెంబెడు నీళ్ళు కొలిచినవాడు లేడు.

"విషం," అన్నాడు కల్నల్. "పాలిష్‌లో కలిపారు. తొమ్మిది గోళ్ళ మీద రంగు కింద బేస్ కోట్ ఉంది, అదే, గోటిని కాపాడే అడుగుపూత. ఎడమచేతి ఉంగరపు వేలికి లేదు. ఆ ఒక్క గోటిలోంచి దిగి గుండె ఆపేసింది. ఆ వేలికి బేస్ ఎందుకు మర్చిపోయాడో!"

"మర్చిపోలేదు కల్నల్ గారూ," అంది వెలికా. "కొత్త రంగు గోటికి మరక పడేస్తుందో లేదో తెలియాలంటే ఒక్క గోటికి బేస్ వెయ్యకుండా వదలాలి. ఇంట్లో పరీక్ష చేసుకునేవాళ్ళందరం అదే చేస్తాం."

వెలికా ద్రాగ్నెవా వయసు నలభై ఆరు. ఒకప్పుడు కుస్తీ పట్టేది, ఇప్పుడు గూఢచారి. రహస్య నామం ముళ్ళపంది. ఒకసారి కొండవాలులో ట్రాలీబస్సు ఆగిపోతే ప్రయాణికులతో సహా డిపో దాకా తోసుకెళ్ళిందని చెప్పుకుంటారు. చూసినవాళ్ళంతా పోయారు కాబట్టి నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. ఆమెకున్న వ్యసనం ఒక్కటే. ఇంట్లో చెప్పుల బీరువా నిండా పాలిష్ సీసాలు, చెప్పులు మాత్రం బాల్కనీలో మంచులో. ప్రతి ఆదివారం చెల్లెలు నేదా వస్తుంది. ఇద్దరూ వంటింటి బల్ల మీద కాగితం పరుచుకుని సాయంత్రం దాకా ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ, తుడుచుకుంటూ, తిట్టుకుంటూ కూర్చుంటారు.

ఆ నేదాయే ఇప్పుడు ప్రమాదంలో ఉంది. ఆమె ప్రభుత్వ ప్రాసిక్యూటరు. అత్తరు కంపెనీ వేషంలో నది వంతెనల నక్షాలు కొన్న విదేశీ ముఠా నాయకుడి మీద శుక్రవారం పదకొండింటికి కోర్టులో ఆఖరి వాదన ఆమెది. కేసంతా ఆమె తలలోనే ఉంది. ఆమె నిలబడకపోతే సాయంత్రానికల్లా వాడు విమానమెక్కేస్తాడు. అందుకే వారం రోజులుగా ఆమెని ఒక రహస్య ఫ్లాట్‌లో దాచారు.

"ఆ ముఠావాళ్ళు మెతోది చేత రెండు సీసాలు చేయించారు. రెండోది కనపడటం లేదు," అన్నాడు కల్నల్. "రేపు ఉదయం నేదాకి కాపలా ఇస్క్రా."

తలుపు దగ్గర నిలబడ్డ లెఫ్టినెంట్ ఇస్క్రా చిన్నగా నవ్వింది. ఆమె నవ్వితే ఆఫీసులో గుమాస్తాలు టైపు కొట్టే మీటలు తప్పేవారు. తేనెరంగు జుట్టు, ఇనుములాంటి నడుము, పది గోళ్ళ మీద వెండిపచ్చ పాలిష్, దాని మధ్య ఏటవాలుగా పిల్లికన్ను గీత.

"బాగుందే అమ్మడూ! ఎవరు వేశారు?" అంది వెలికా.

"ఎవరేస్తారక్కా? నేనే. మూడు రోజులు జ్వరం కదా, ఇంట్లో ఒక్కదాన్నే. గుమ్మంలోకి పిల్లి కూడా రాలేదు. పొద్దుపోక నిన్న కూర్చుని వేసుకున్నా."

వెలికా ఆ రెండు చేతులూ పట్టుకుని చూసింది. వదిలేసింది.

ఇస్క్రా వెళ్ళాక తలుపు మూసింది. "ఆ పిల్ల అబద్ధమాడుతోంది. కుడిచేతివాటం మనిషి తన కుడిచేతికి తనే వేసుకుంటే ఎడమచెయ్యి వణుకుతుంది. అంచు దాటుతుంది. ముప్పై ఏళ్ళ నుంచి వేసుకుంటున్నా, నా కుడి బొటనవేలు చూడండి, గోడకి సున్నం వేసినట్టుంటుంది. దాని కుడిచెయ్యి ఎడమచేతికంటే శుభ్రంగా ఉంది. ఎవరో వేశారు. ఎవరూ రాలేదని ఎందుకంటుంది?"

"అసూయ!" అన్నాడు కల్నల్. "నీ గోళ్ళు వంకరైతే దేశద్రోహం దానిదా? పో, మెతోది ఇల్లు వెతుకు. ఇదిగో, వర్క్‌షాపు వాళ్ళు నీకోసం చేశారు." లిప్‌స్టిక్ అంత అయస్కాంతం పుల్ల. "పిల్లికన్ను గీతకి వాడేదే, కాస్త బలం పెంచారు. కారు దగ్గర తియ్యకు."

*

శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నర. మెతోది వంటింట్లో వెలికా ఆయన పరీక్షలు రాసుకునే నోట్‌బుక్కు కోసం వెతుకుతోంది. గ్యాసు మీటరు చూసేవాడి టోపీ పెట్టుకున్న పొడుగాటి మనిషి లోపలికొచ్చాడు.

"మీటరు చూడాలమ్మా."

"చూడు నాయనా. ఈ వీధిలో గ్యాసే లేదు."

వాడు టోపీ తీయకుండానే ఆమె మెడకి తీగ వేశాడు. వెలికా కళ్ళ ముందు నల్లటి చుక్కలు ఆడాయి. మడమతో వాడి పాదం ఎముక విరగ్గొట్టింది. వెనక్కి తలతో గుద్దితే వాడి ముక్కు చితికి, నెత్తురు ఆమె చెవి మీదుగా కారింది. తీగ వదిలాడు, కత్తి తీశాడు. మొదటి పోటు ఆమె భుజం చీల్చింది. రెండో పోటుకి ముందే ఆమె అయస్కాంతం పుల్ల తీసి ఫ్రిజ్ తలుపుకి అంటించి పక్కకి తప్పుకుంది. కత్తి వెళ్ళి బిగుసుకుంది. వాడు రెండు చేతులా లాగాడు, రాలేదు. వాడు అలా లాగుతుండగానే ఆమె వాడి మోచేతిని కట్టెపుల్లలా విరిచింది. తర్వాత నలుగురు పోలీసులు లాగినా ఆ కత్తి రాలేదు. ఫ్రిజ్‌తో సహా సాక్ష్యం గదికి మోసుకెళ్ళారు.

వాడు ముఠా మనిషి హెల్మర్. నేల మీద కూలబడి, మిగిలిన పళ్ళతో నవ్వాడు. అప్పుడు చూసింది వెలికా. వాడి ఎడమ బొటనవేలి అంచున వెండిపచ్చ మరక.

"రెండో సీసా ఎక్కడరా?"

"ఈపాటికి మీ ప్రాసిక్యూటరమ్మ వేసుకునే ఉంటుంది. కోర్టు హాల్లో హీటర్లు బాగా పనిచేస్తాయట."

మాట పూర్తవకుండానే చీలమండ దగ్గర దాచిన పిస్తోలు లాగాడు. ఆమె మణికట్టు పట్టుకుని మెలితిప్పింది. పేలింది. తూటా వాడి గడ్డం కింద దూరి పైకప్పుకి తగిలింది.

మెతోది నోట్‌బుక్కు వాడి జేబులోనే ఉంది. ఆఖరి పేజీలో చక్కటి గుండ్రటి రాత: "అత్తరు కంపెనీ ఇచ్చిన పొడి కలిపాను. ఏమిటో చెప్పలేదు. చల్లగా ఉంటే ముదురు నీలం. వెచ్చబడితే గులాబి. గులాబి అయ్యాక పొడి కరిగి కిందికి దిగుతోంది. రంగు తుడిచే అసిటోన్ తగిలితే ఇంకా తొందరగా. బేస్ దాటి రావడం లేదు, మంచిదే. ఉంగరపు వేలు మండుతోం" అక్కడితో రాత ఆగిపోయింది.

వెలికా ఫోన్ అందుకుంది. "కల్నల్ గారూ, నేదా అడ్రసు చెప్పండి."

"రూలు ప్రకారం బంధువులకి..."

"హెల్మర్ బొటనవేలికి ఇస్క్రా పాలిష్ అంటి ఉంది. దాని కుడిచేతికి వేసింది వీడే."

అవతల కల్నల్ ఇంకో ఫోన్ ఎత్తిన చప్పుడు వినిపించింది. "ద్రుజ్బా పేట, పధ్నాలుగో బ్లాకు, ఐదో అంతస్తు. గుమ్మం ముందు ఇద్దరు కాపలా ఉన్నారు... కాదు, కారు వేడిచెయ్యమని ఇస్క్రా వాళ్ళని ఇప్పుడే కిందికి పంపిందట. రహస్యపు మాట..."

వెలికా అది విని, ఫోన్ పెట్టేసి, పరిగెత్తింది.

*

పది గంటల ఇరవై. ఐదో అంతస్తు. వెలికా తలుపు తట్టింది.

"కాబేజీ ఊరిందా?" అంది ఇస్క్రా గొంతు.

"ఇంకా నాలుగు రోజులు."

తలుపు తెరుచుకుంది. ఇస్క్రా ఒక చేతిలో పిండి గరిటె, రెండో చేతిలో పిస్తోలు. "రా అక్కా. చప్పుడు చెయ్యకు. రక్తం కారుతోంది నీకు, కార్పెట్ జాగ్రత్త."

లోపల మంచుగడ్డలా ఉంది. గది వేడిచేసే రేడియేటరు ఊడదీసి ఉంది, పక్కన ఎవరో వదిలేసిన కటింగ్ ప్లేయరు. పొయ్యి మీద ఇనప మూకుట్లో మెకిత్సీలు, పూరీల్లాంటి పిండివంట, వేగుతున్నాయి. కిటికీ దగ్గర కోటు కప్పుకుని నేదా కాగితాలు చదువుకుంటోంది. ఆమె పది గోళ్ళూ ముదురు నీలం.

"అక్కా! నువ్వొచ్చావేంటే?" అంటూనే పిస్తోలు చూసింది. నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"నేదా, చేతులు వెచ్చబడనీకు! జేబులో పెట్టకు. దేన్నీ ముట్టుకోకు!"

"అయ్యో, తెలిసిపోయిందా?" అంది ఇస్క్రా. "కోర్టులో వాదిస్తూ వాదిస్తూ గుండె ఆగి పడిపోయుంటే ఎంత అందంగా ఉండేది! అందరూ పూలు తెచ్చేవారు. ఇప్పుడు ఇద్దరినీ కాల్చి, అక్కకి పిచ్చెక్కిందని రాసుకోవాలి. ఎంత శ్రమ పెడతావే ముసలిదానా?"

వెలికా పొయ్యి పక్క గట్టు మీదున్న పిండి గిన్నె తన్నింది. పిండి ఇస్క్రా కళ్ళలో పడింది. తూటా వెలికా చెవి తమ్మె ఎగరగొట్టింది. ఇద్దరూ కలబడ్డారు. ఇస్క్రా గోళ్ళతో ఆమె బుగ్గ నాలుగు గీతలుగా చీరింది, భుజం గాయంలో వేలు పెట్టి తిప్పింది. వెలికా బొబ్బ పెట్టి మోకాళ్ళ మీద కూలింది. పిస్తోలు గొట్టం ఆమె నుదుటికి ఆనింది.

సరిగ్గా అప్పుడు నేదా పొయ్యి మీది మూకుడు పిడి రెండు చేతులా పట్టుకుంది. అన్నం ముద్ద కిందపడితే కూడా ఏడ్చే పిల్ల, సలసల కాగుతున్న నూనెతో సహా మూకుడెత్తి ఇస్క్రా తల మీద దింపింది.

ఇస్క్రా కేక ఆ బ్లాకంతా వినపడింది. గుడ్డిగా రెండుసార్లు కాల్చింది. గోడ గడియారం పేలింది. వెలికా ఆమె నడుము పట్టి, పాత కుస్తీ పట్టు గుర్తొచ్చి, భుజం మీదుగా వెనక్కి విసిరింది. బాల్కనీ అద్దం పగిలింది. కింద చాలా శ్రద్ధగా కారు వేడిచేస్తున్న కాపలావాళ్ళ ముందు, కారు అద్దం మీద లెఫ్టినెంట్ ఇస్క్రా వచ్చి పడింది. మళ్ళీ లేవలేదు.

"అక్కా," అంది నేదా. "చూడవే, ఎంత ముద్దుగా మారాయో!"

నీలం గోళ్ళు అంచుల నుంచి గులాబి అవుతున్నాయి.

వెలికా చెల్లెల్ని జుట్టు పట్టుకుని బాల్కనీలోకి ఈడ్చుకెళ్ళి, చలికాలం కోసం అక్కడ ఊరబెట్టిన కాబేజీ పీపా మూత తన్ని, రెండు చేతులూ మోచేతుల దాకా ఆ చల్లటి ఉప్పునీళ్ళలో ముంచేసింది.

"ఉప్పు! మంట! నా చేతులు కాలాయే రాక్షసీ!"

"నోరుముయ్యి. అది విషం. బేస్ వేశావా?"

"ఎఫెక్ట్ పోతుంది, వెయ్యొద్దంది ఇస్క్రా."

వెలికా ఆ చేతుల్ని ఇంకా లోతుకి నొక్కింది.

"కానీ వేశాను. ఊడొచ్చే బేస్. కోర్టులో జడ్జి ముందు గోళ్ళరంగుతో నిలబడతానా? వెళ్ళేముందు లాగి పారేద్దామనుకున్నా."

"నా తల్లే! నా బంగారమే!" ఉప్పునీటికి ఆ బేస్ అప్పటికే వదులైంది. వెలికా ఒక్కొక్క గోటి మీది రంగూ వెల్లుల్లి పొట్టులా వలిచి అవతలికి విసిరింది. ఒకటి. రెండు. అయిదు. తొమ్మిది. పదోది రాలేదు. గోకింది. మళ్ళీ గోకింది. ఎడమచేతి ఉంగరపు వేలు.

"ఇది రాదేంటే?"

నేదా కళ్ళు దించుకుంది. "దానికి వెయ్యలేదక్కా. మరక పడుతుందో లేదో చూద్దామని... మండుతోంది అది."

గోటి మధ్యలో గోధుమగింజంత నీలం మిగిలింది. మిగతాదంతా గులాబి. అసిటోన్ వాడితే ఇంకా తొందరగా దిగుతుంది. డాక్టరు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. వెలికా లోపలికి ఒక్క గంతువేసి రేడియేటరు పక్కనున్న కటింగ్ ప్లేయరు పట్టుకొచ్చింది.

"నన్ను తిట్టు," అంది. "నీకొచ్చిన తిట్లన్నీ తిట్టు."

ప్రాసిక్యూటరు నేదా ఆ క్షణంలో తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు. గోరు మొదలంటా ఊడొచ్చింది. వెలికా ఆ వేలిని నెత్తురు కారేలా పిండింది. ప్లేయరు మొనలో ఉన్న గోటి మీద గోధుమగింజంత నీలం కూడా గులాబి అయిపోయింది. నేదా గోడకి జారబడింది. వెలికా చెల్లెలి మెడ మీద నాడి పట్టుకుని చూసింది. కొట్టుకుంటోంది. ఆగి, మళ్ళీ కొట్టుకుంది. తర్వాత ఆగకుండా కొట్టుకుంది.

*

పదకొండు దాటి ఏడు నిమిషాలకి నేదా కోర్టులో నిలబడింది. చేతులకి కట్టు, ఒళ్ళంతా కాబేజీ వాసన. వాయిదా కావాలా అని జడ్జి అడిగాడు. అక్కర్లేదంది. రెండు గంటలు ఆగకుండా వాదించింది. అత్తరు కంపెనీ నాయకుడు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునే ఇరవై ఏళ్ళ శిక్ష విన్నాడు.

బయట వరండాలో కల్నల్ గుంచెవ్ అక్కాచెల్లెళ్ళ ముందు నిలబడి, తన బొటనవేళ్ళు రెండూ మార్చి మార్చి చూసుకున్నాడు. వెలికాకి నెల రోజుల సెలవు కాగితం చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

"ఇంతాచేసి, అది మరక పడుతుందో లేదో తెలియనే లేదక్కా," అంది నేదా.

"కొత్త గోరు మొలవనీవే. ఏదో ఒక ఆదివారం కూర్చుందాం. ఈసారి పది గోళ్ళకీ బేస్ వేద్దాం."

"తొమ్మిదికి," అంది నేదా.