పప్పు ఉడికించిన నీళ్ళు

"అమ్మా, ఇవాళ సాఫ్ట్‌నర్ వాళ్ళు వస్తున్నారు" అని దుర్గాప్రసాద్ పొద్దున్నే స్నానాల గదిలోంచి కేకేశాడు. వంటింట్లో మిక్సీ హోరులో సుబ్బరత్నానికి అది 'సాఫ్ట్‌వేర్ వాళ్ళు' అని వినబడింది. కూతురు చిన్నికి సంబంధం కాబోలనుకుని పట్టుచీర కట్టుకుంది, అరటికాయ బజ్జీలు వేసింది. తీరా ఆ బజ్జీలు తిన్నది విజయవాడ గవర్నర్‌పేట నుంచి వచ్చిన, నీళ్ళు మెత్తబరిచే మిషన్ల సేల్స్ మనిషి. పిల్ల నచ్చిందనలేదు, నీళ్ళలో సున్నం ఎక్కువన్నాడు.

ఉన్నమాటే. మంగళగిరిలోని ఆ ఇంట్లో ఎవరి పప్పులూ ఉడకవు. బోరు నీళ్ళు అంత గట్టివి. కుళాయిలకి తెల్లటి పొర, గీజరుకి జబ్బు, కోడలు శ్రీదుర్గ దువ్వెన నిండా జుట్టు. తాగడానికి క్యాన్ నీళ్ళు, మిగతా అన్నిటికీ బోరే.

సేల్స్ మనిషి రెండు రకాల మిషన్లు చెప్పాడు. ఉప్పుతో పనిచేసేది నీళ్ళని నిజంగా మెత్తబరుస్తుంది. ఉప్పు లేనిది సున్నం పేరుకోవడాన్ని కొంత ఆపుతుందంతే. శ్రీదుర్గ ఉప్పుదే ఎంచుకుని, స్నానాల గదులకీ పెరట్లో వాషింగ్ మెషీన్ కుళాయికీ కలిపించింది. వంటింటిని వదిలేయమంది.

"వంటింటికెందుకు వద్దందిరా మీ ఆవిడ?" అని సుబ్బరత్నం కొడుకుని అడిగింది.

"అక్కడ అక్కర్లేదులేమ్మా" అని అతను ఫోనులో తల దూర్చాడు.

కోడలి జుట్టుకి మెత్తటి నీళ్ళు, అత్త పప్పుకి గట్టి నీళ్ళు. ఆవిడకి అర్థమైంది ఇదే. 'అత్త'లో 'మెత్త' వెతక్కూడదంటారు గానీ, ఆవిడ మనసు చివుక్కుమంది. కోడల్ని నోరు తెరిచి అడగలేదు. మర్నాటి నుంచి ఎవరూ లేవకముందే పెరటి కుళాయి దగ్గర బిందె నింపుకొచ్చి, ఆ నీళ్ళతోనే వంట చేసింది. పప్పు వెన్నలా ఉడికింది.

"ఇన్నేళ్ళకి నా పళ్ళ మీద జాలిపడ్డావోయ్" అన్నాడు భర్త బసవయ్య. ఆయనది గుండె జబ్బు. ఉప్పు మాన్పించాక కంచం ముందు నవ్వడం అదే మొదలు. సుబ్బరత్నం మురిసిపోయి చారుకీ మజ్జిగకీ కూడా ఆ నీళ్ళే పోసింది.

కొన్ని వారాలకి ఆయన పాదాలు ఉబ్బాయి. చెప్పులు పట్టలేదు. పక్క మీద వాలితే ఆయాసం. విజయవాడలో డాక్టరు మందులు మార్చి, "ఎక్కడో ఉప్పు పడుతోందండీ. ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చాల్సిందే" అన్నాడు.

ఇంటికి రాగానే అత్తాకోడళ్ళు ఉప్పూ నిప్పూ అయ్యారు.

"అత్తయ్యా, మావయ్యగారికి ఊరగాయ గానీ వేస్తున్నారా?"

"వేసి చంపుకుంటానా? ఉప్పు బస్తాలు ఇంట్లో దించింది నువ్వు. నింద నాకా? ఆయన్ని తీసుకుని మా తమ్ముడింటికి పోతాను."

"అవి మిషనులోకి. ఆ నీళ్ళు వంటింట్లోకి రావుగా."

"నువ్వు రానివ్వలేదుగా. నేనే పెరట్లోంచి బిందెతో తెచ్చుకుంటున్నా. మెత్తటి నీళ్ళు నీ తలకేనా, ఆయన నోటికొద్దా?"

శ్రీదుర్గ వంటింట్లోకి వెళ్ళి బిందె చూసొచ్చింది.

"వాటిలో ఉప్పు గుణం ఉంటుంది అత్తయ్యా, రుచికి తెలీదు. మావయ్యగారికి మంచిది కాదని డాక్టరు చెబితేనే వంటింటిని వదిలేయించాను. మీకు చెప్పమని ఈయనతో అన్నాను."

అందరూ దుర్గాప్రసాద్ వైపు చూశారు.

"చెబుదామనే... ఆఫీసు హడావిడిలో..." అతను నీళ్ళు నమిలాడు. ఆ నీళ్ళు మరీ గట్టివి, ఎంతకీ నలగలేదు.

సుబ్బరత్నం పొయ్యి మీది చారు గిన్నె దించి తూములో వంచేసింది. "నా చేత్తో నేనే పోశానండీ" అంది.

"ఊరుకో" అన్నాడు బసవయ్య, ఆయాసపడుతూనే. "ఒకరు నా గుండె కోసం కుళాయి ఆపారు, ఒకరు నా పళ్ళ కోసం బిందె మోశారు. మాట మొయ్యాల్సినవాడే మొయ్యలేదు."

అప్పుడే ఆఫీసు నుంచి చిన్ని వచ్చింది. అందరి మొహాలూ చూసి ఏమైందంది. దుర్గాప్రసాద్ నోరు తెరిచాడు.

"నువ్వాగరా, నేను చెబుతా" అంది సుబ్బరత్నం. బిందె సంగతి మొదలు ఏదీ దాచకుండా చెప్పింది. "మీ వదిన నాన్న కోసమే ఆపించిందే. నేనొక్క మాట అడిగి ఉంటే..."

శ్రీదుర్గ వచ్చి పక్కన కూర్చుంది. "నేనూ మీకే చెప్పాల్సింది అత్తయ్యా" అంది.