తేనెటీగలకు చెప్పిన చావు

ఇంగ్లండులోని కార్న్‌వాల్ తీరాన, జోరీ ఇంటి వెనక, రాతిగోడ వారన, గడ్డితో అల్లిన తేనెటీగల బుట్టలు వరసగా ఉండేవి. జోరీ చేపల వేటకు పోని రోజున వాటి దగ్గరే కూర్చునేవాడు. ముసుగైనా లేకుండా చెయ్యి పెట్టినా ఒక్క ఈగా కుట్టేది కాదు. తనకన్నా వాటినే ఎక్కువ ముద్దు చేస్తాడని పెళ్ళాం టామ్సిన్ ఉడుక్కునేది.

ఆ ఏడు ఆకులు రాలే కాలంలో తుఫానుకు అతని పడవ తిరిగి రాలేదు. మర్నాడు చెక్కలు మాత్రం ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. అత్త కెజాయా ఏడుపు దిగమింగి కోడలి వెంట పడింది. ఇంట్లో చావు సంగతి పొద్దువాలేలోగా తేనెటీగలకు చెప్పాలి. చెప్పకపోతే అవి ఇల్లు విడిచిపోతాయి, పోతూ ఇంకొకరిని తీసుకుపోతాయి. శవమన్నా దొరకనివ్వమని టామ్సిన్ బతిమాలింది. ముసలామె వింటేనా!

చివరికి టామ్సినే ఇంటి తాళంచెవితో ఒక్కో బుట్టనూ తట్టి, "మీ జోరీ పోయాడు. ఇక నేనే మీ మనిషిని" అని చెప్పింది. లోపల రొద ఒక్కసారి లేచి అణిగిపోయింది. బుట్టలకు నల్లగుడ్డలు కట్టి, కళ్ళు తుడుచుకుంటూ ఇంటి వైపు తిరిగింది.

పెరటి గుమ్మంలో జోరీ నిలబడి ఉన్నాడు.

నిలువునా తడిసి ఉన్నాడు. పక్క ఊరి ఒడ్డున రాళ్ళు పట్టుకుని బయటపడి, నడిచొచ్చానన్నాడు. టామ్సిన్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది, అతన్ని చుట్టుకుని భోరుమంది. కెజాయా ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. చెప్పిన చావును వెనక్కి తీసుకునే ఆచారం వాళ్ళలో ఎవరికీ తెలియదు.

జోరీ నవ్వాడు. "వాటికి నేనే చెప్తాలేవే అమ్మా. అవి నా గొంతు గుర్తుపట్టవా ఏంటి?"

సముద్రం మీంచి పొగమంచు పెరట్లోకి పాకింది. కుళ్ళిన నాచు వాసన, దానిలో కలిసిన తేనె వాసన. అతను నల్లగుడ్డ లాగేసి, బుట్ట నోటి దగ్గర చెయ్యి పెట్టాడు.

"నేనే... బతికే ఉన్నాను."

చప్పుడు లేదు.

ఒక ఈగ వచ్చింది. వెనకే ఇంకొకటి... ఆ చలికి అవి బయటికి రాకూడదు. వచ్చాయి. రెక్కలు ఆడించలేదు. వేళ్ళ మీద, మణికట్టు మీద మెల్లగా పాకాయి. కుట్టలేదు. ఓపిగ్గా ఏదో పని చేసుకుని, వచ్చిన దారినే లోపలికి పోయాయి.

చెయ్యి మెరుస్తోంది. గోళ్ళతో సహా పల్చటి మైనం.

కెజాయా కోడలి చెవిలో గుసగుసలాడింది. "ఎలుక దూరి లోపల చస్తే ఇలాగే కప్పేస్తాయి... కుళ్ళకుండా. బతికున్నదానికి అవి ఇలా చెయ్యవే, పిల్లా."

టామ్సిన్ గబుక్కున భర్త మణికట్టు పట్టుకుని నాడి కోసం వెతికింది. అతను నెమ్మదిగా చెయ్యి విడిపించుకున్నాడు.

"చలేస్తోంది. లోపలికి రా" అని తను ముందు వెళ్ళాడు.

ముసలామె కదల్లేదు. కన్నకొడుకే లోపలున్నా ఆ గడప తొక్కనంది. టామ్సిన్ గుమ్మం దాకా నడిచింది. ఒక్క పగలు విధవగా బతికి చూసింది, ఆ బతుకు మళ్ళీ ఆమెకు వద్దు. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

జోరీ పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. మనిషి ఓర్చుకోలేనంత దగ్గరగా ఆ చెయ్యి మంటకు పెట్టాడు.

"దగ్గరికి రావేం? నేనంటే భయమా?"

చొక్కా అంచు కమురుకంపు కొడుతోంది. చేతి మీది మైనం మాత్రం కరగలేదు.