అతికించిన పుట

పుస్తకం పోయింది.

నాటకం మొత్తం ఉన్న రాతప్రతి అదొక్కటే. మధ్యాహ్నం రెండు గంటలకు తొలి ప్రదర్శన. 1594 నవంబరు తొమ్మిదిన కానిస్టేబుల్ బార్నబీ స్లేడ్ థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున ఉన్న ఆ నాటకశాలకు చేరేసరికి పన్నెండు దాటింది.

వేషాల గదిలో, నటులకు మాటలందించే ప్రాంప్టర్ ఆంబ్రోజ్ పెట్ ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. చేతులు తాడుతో కట్టేసి ఉన్నాయి.

“కట్టింది నేనే,” అన్నాడు క్రిస్పిన్ హో. నాటకం రాసిందీ, కంపెనీ నడిపేదీ అతనే. “రాత్రంతా ఈ గదిలోనే పెట్టి తాళం వేశాను. పుస్తకాన్ని అవతలి కంపెనీకి అమ్మేశాడు. రెండు కొట్టేలోగా దొరక్కపోతే వీణ్ణి జైలుకి పట్టుకుపొండి.”

“ఆ జైల్లో ఈ చలికాలం దాటతానా, అయ్యా?”

ఆంబ్రోజ్ కట్టేసిన చేతులెత్తి స్లేడ్‌కు చూపించాడు.

“పుస్తకం చివరిసారి ఎప్పుడు చూశారు?” స్లేడ్ అడిగాడు.

“నిన్న సాయంత్రం ఆరింటికి. మొదటి అంకంలో ఒక పుట కొత్తగా రాసి, పాతదాని మీద అతికించాను. జిగురు ఆరాలని తెరిచే ఉంచి వెళ్ళాను.”

“కొత్త పుట ఎవరు చూశారు?”

“నేనూ, ఈ ముసలాడూ. నాయిక వేషగాడికి పొద్దున్నే నకలు రాసిద్దామనుకున్నా. ఈలోగా పోయింది.”

స్లేడ్ ఆంబ్రోజ్ వైపు తిరిగాడు. “నువ్వెక్కడికైనా వెళ్ళావా?”

“ఆరున్నరకి బీరు తెచ్చుకోవడానికి వెళ్ళాను. పావుగంట. వచ్చేసరికి బల్ల ఖాళీ.”

ఆ పావుగంటలో నాటకశాలలో ఇద్దరే ఉన్నారు. స్లేడ్ ఇద్దరినీ పిలిపించాడు.

మొదటివాడు హాస్యగాడు టోబీ స్ప్రాట్.

“ఈ నాటకంలో ఏం జరుగుతుంది?”

“నాకేం తెలుసు కానిస్టేబుల్ గారూ! ఎవరి కాగితం వాళ్ళదే. మన మాటలూ, వాటికి ముందు ఎదుటివాడి చివరి రెండు ముక్కలూ. అంతే. నా కాగితం ప్రకారం రెండుసార్లు కిందపడతాను. తోసేదెవరో రెండింటికి తెలుస్తుంది.”

“కలిసి రిహార్సల్ చెయ్యరా?”

“రోజుకో నాటకం ఆడేవాళ్ళకి రిహార్సలా! మా ఆవిడతో అనండి, నవ్వుతుంది. నాకు చదువు రాదు లెండి. నా కాగితం చదివి బట్టీ పట్టించేది ఆవిడే.”

రెండోవాడు గిల్బర్ట్ రడ్. పెద్ద మనిషి. ఒకప్పుడు థేమ్స్ మీద పడవ నడిపాడు. అప్పటికే పాదిరీ అంగీ వేసుకుని ఉన్నాడు.

“నీ వేషం?”

“నాలుగో అంకంలో పాదిరీ.”

“మిగతా అంకాల్లో?”

“లేను.”

“నాటకం ఎలాంటిది? జనం ఏడుస్తారా?”

“ఏడవకేం. మొదట్లోనే ఆ పిల్ల ఖాళీ పడవలో పడుకుని ‘ఇది నా కొలతకే చేశారు’ అంటుంది. చివరికి ఆమె శవాన్ని అందులోనే మోసుకొస్తారని అక్కడే తెలిసిపోతుంది.”

స్లేడ్ రచయిత వైపు తిరిగాడు.

“క్రిస్పిన్, ఆ మాట ఎక్కడుంది?”

“అతికించిన పుటలో.” క్రిస్పిన్ ముఖం పాలిపోయింది. “పాతదాంట్లో తోట, పూలు. పడవ లేదు.”

“ఆ మాట ఇంకా ఏ కాగితంలోకీ ఎక్కలేదు. కలిసి ఆడి చూసిందీ లేదు. ఆంబ్రోజ్ రాత్రంతా తాళం వేసిన గదిలో ఉన్నాడు. గిల్బర్ట్, ఆ పుట చదవకుండా అది నాటకంలో ఉందని నీకు తెలిసే దారి లేదు.”

గిల్బర్ట్ అంగీలో చెయ్యి పెట్టాడు. పుస్తకం తీసి బల్ల మీద ఉంచాడు.

“అది మా అమ్మాయి మార్జరీ మాట,” అన్నాడు.

“నువ్వే కదా చెప్పావు...” క్రిస్పిన్ నసిగాడు.

“నీకు చెప్పాను. ఊరందరికీ కాదు. పోయినేడు ప్లేగులో శవపేటికలు దొరకలేదు. దాన్ని నా పడవలోనే తీసుకెళ్ళాను. నిన్న నా పాదిరీ మాటలు ఎక్కడొస్తాయో చూసుకుందామని వస్తే, పుస్తకం ఆ పుట దగ్గరే తెరిచి ఉంది.”

“మరి ఆంబ్రోజ్ సంగతి?” స్లేడ్ అడిగాడు.

“రెండు కొట్టగానే ఒప్పుకుందామనుకున్నా. ఈ ఒక్క రోజు ఆట ఆగితే చాలనుకున్నా.”

“నాకు ఆ ఒక్క రాత్రి ఎంత పొడుగో తెలుసా రా?” అన్నాడు ఆంబ్రోజ్.

“నా తప్పే, తాతా.”

స్లేడ్ తాడు కోసేశాడు. “దొంగతనం మీద ఫిర్యాదు ఉందా?”

“లేదు.” క్రిస్పిన్ కత్తి కోసం చెయ్యి చాపాడు. “ఇలా ఇవ్వండి. పుట కోసేస్తాను.”

గిల్బర్ట్ ఆ పుట మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపటికి తీశాడు.

“ఉండనీ. కానీ ఈ పక్కన ఏం రాశావు?”

“‘నిట్టూర్చి’ అని. రాబోయేది చూసేవాళ్ళకి తెలియాలి కదా.”

“వాళ్ళకి తెలియనీ. దానికి తెలీదు. అది నవ్వుతూ అంది.”

క్రిస్పిన్ ‘నిట్టూర్చి’ కొట్టేశాడు.

ఒంటిగంటన్నరకు గిల్బర్ట్ నాయిక వేషగాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, తన కూతురు ఎలా నవ్వేదో చూపించడం మొదలుపెట్టాడు. మొదటిసారి కుదరలేదు. రెండోసారీ కుదరలేదు.

మూడోసారికి వచ్చింది.