మడుగు ఒడ్డున పారేసినవి

మేం పనికి పోయిన అరబ్బు దేశంలో, సలాలాలో ఆ మడుగు దగ్గరికి పోయినవాడెవడూ ముక్కు మూసుకోకుండా ఉండలేడు. అది సముద్రపు పాయ. సముద్రంలో కలిసేచోట ఇసుక అడ్డుపడి నీళ్లు నిలిచిపోయాయి. శుక్రవారం డ్యూటీ ఉండదు కదా, కంపెనీల మనుషులందరూ గాలాలు పట్టుకొని అక్కడే చేరేవాళ్లు. చేపల్ని అక్కడే కోసి పేగులు అక్కడే వదిలేవాళ్లు. పాల డబ్బాలు, సిగరెట్ పెట్టెలు, చిక్కుపడితే తెంపి పారేసిన నైలాన్ దారాలు, వాటికి గాలపు ముళ్లు అలాగే. పొదల చాటున ఏముండేదో చెప్పను. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్లను చూశాను గానీ, తిన్న కంచంలోనే ఉమ్మేవాళ్లను అక్కడే చూశాను. ఆ ఊరివాళ్లు దూరం నుంచే తల తిప్పుకుని పోయేవాళ్లు.

అందరిలోకీ ముందుండేవాడు మా బామ్మర్ది పోచన్న. "మా తమ్ముడు పైలం" అని నా భార్య కమలవ్వ ఏడుస్తూ నాకు అప్పజెప్పిన పిల్లాడు. వాడిదొక పాడలవాటు. గాలానికి ముళ్ల చేప పడితే, తినడానికి పనికిరాదని ఒడ్డు మీదికి విసిరేసేవాడు. అది బుడగలా ఉబ్బి, నోరు తెరుస్తూ మూస్తూ చాలాసేపటికి గాని చచ్చేది కాదు.

"నీళ్లల్ల ఇడువరాదుర," అన్నాను, డెబ్బై ఏడు వానాకాలంలో ఒక శుక్రవారం.

"ఇడిస్తే మల్లొచ్చి నా ఎరనే తింటది బావా," అని చెప్పుతో దాన్ని తొక్కాడు. టప్పున పగిలింది.

ఆ కాలంలో అక్కడ కొండల మీంచి పొగమంచు దిగుతుంది. సన్నటి జల్లు ఆగదు. ఆ మధ్యాహ్నం పక్కనున్న పోచన్న కూడా నాకు సగమే కనిపించాడు. మిగతావాళ్లు ఎప్పుడు వెళ్లిపోయారో తెలియలేదు. మాటలన్నీ ఆగిపోయి, కుళ్లు వాసన ఒక్కటే మిగిలింది.

వెనకాల డబ్బా చప్పుడైంది. ఆగి... మళ్లీ.

ఎవరో వంగి ఏరుతున్నారు. నల్లటి ఆకారం. ఒడి పట్టుకొని, చచ్చిన చేపల్ని ఒక్కొక్కటే అందులో వేసుకుంటోంది.

"ఎవలు బావా?" గొణిగాడు పోచన్న.

"సప్పుడు చెయ్యకు. లే... పోదాం."

వాడు లేవలేదు. దగ్గాడు. నోట్లో వేళ్లు పెట్టుకున్నాడు. పెదాల మధ్య నుంచి సన్నటి దారం బయటికొచ్చింది... జిగటగా, చేప పేగుల కంపుతో. లాగాడు. ఇంకా వచ్చింది. దాని రెండో కొస మంచులోకి పోయి ఉంది.

అటువైపు నుంచి ఎవరో లాగారు.

వాడి తల విసురుగా తిరిగింది. నోరు తెరుస్తూ... మూస్తూ... ఆ పెంటలో మోకాళ్ల మీద ఈడ్చుకుపోతున్నాడు. కమలవ్వకు ఏం మొహం చూపించను? వాడి మీద పడి దారాన్ని పళ్లతో కొరికాను. ఆ రుచి ఇప్పటికీ నా నాలుకను వదల్లేదు. తెగింది. వాణ్ని భుజాన వేసుకుని రోడ్డు దాకా పరుగెత్తాను. వెనక్కి చూడలేదు.

దవాఖానాలో కట్లు కట్టే మొయినుద్దీన్ కడప మనిషి. పోచన్న బుగ్గలోంచి గాలపు ముల్లు తీయబోయి ఆగిపోయాడు.

"ఇది ఎన్నేండ్ల కింద గుచ్చుకునిందప్పా? సుట్టూ కండ పెరిగిపోయిండాది."

"ఇయ్యాల్నే," అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూసి, టార్చి వెలిగించి పోచన్న గొంతులోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత టార్చి ఆర్పేసి నన్ను పక్కకు పిలిచాడు.

"లోపల ఇట్లాటి ముళ్లు ఇంకా శానా ఉండాయి," అన్నాడు గుసగుసగా. "అన్నిటికీ దారాలుండాయి. లోపల్నుంచి ఎవరో లాగుతా ఉండారు."