పొగ ఆరేదాకా

ఆవిరిస్నానాల సౌనాలో ఆడవాళ్ళ గది తలుపు తీసుకుని, ఒంటిమీద నూలుపోగు లేకుండా, భుజాన పెద్ద తువ్వాలుతో ఒక మగమనిషి నింపాదిగా లోపలికొచ్చి, "శుభసాయంత్రం" అన్నాడు.

పై బల్ల మీద కూర్చున్న ఆడవాళ్ళెవరూ కేక వెయ్యలేదు. ఫిన్లాండులోని టాంపెరె ఆడవాళ్ళు అంత తేలిగ్గా కేకలు వెయ్యరు. అందరూ విర్పి వైపు చూశారు. సరస్సు ఒడ్డున ఉన్న ఆ సౌనా వాళ్ళ నాన్నది, కాబట్టి ఇది ఆమె తేల్చాల్సిన వ్యవహారం. విర్పి కొయ్య గరిటె కూడా వాడకుండా బకెట్టెత్తి, సగం నీళ్ళు కాలిన రాళ్ళ మీద కుమ్మరించింది. చెవులు మాడిపోయేలా ఆవిరి లేచింది. ఎంతటివాడైనా పరుగెత్తాల్సిందే.

అతను పరుగెత్తలేదు. తువ్వాలు పరుచుకుని కింది బల్ల మీద కూర్చుని, తడబడే ఫిన్నిష్‌లో ఎంతో మర్యాదగా అడిగాడు. "నీళ్ళు పోసే వేళైందాండీ? ఇక్కడ మాస్టరు ఎవరు?"

"ఇది ఆడవాళ్ళ గది," అంది విర్పి.

అప్పుడెర్రబడింది అతని మొహం. ఆ కంగారులో తువ్వాలు వదిలేసి మరీ వెళ్ళిపోయాడు.

మర్నాడు కోటూ టోపీతో క్షమాపణ చెప్పడానికి వచ్చాడు. పేరు మాల్టే. జర్మనీలోని లైప్‌జిగ్‌లో సౌనా మాస్టరుగా చేసేవాడట. వాళ్ళ దగ్గర ఆడామగా ఒకే గదిలో కూర్చుంటారని, ఈత దుస్తులతో వస్తే బయటికి పంపేస్తారని, రాళ్ళ మీద నీళ్ళు పొయ్యాలంటే మాస్టరే పొయ్యాలని, అదీ గంట కొట్టాకేనని, ఆ తర్వాత పాట పెట్టి తువ్వాలు తిప్పుతూ వేడిని మనిషి మనిషికీ విసరాలని చెప్పుకొచ్చాడు. ఏడాది సెలవు పెట్టి దేశదేశాల సౌనాలు చూస్తున్నాడట.

"మీకు ఇబ్బంది కలిగించినందుకు..." అని అతను మొదలుపెట్టగానే విర్పి తువ్వాలు చేతికిచ్చింది.

"నిన్న నిన్ను అలా చూశాక ఇంకా మీరూ గారూ ఏంటి? నువ్వు అను చాలు," అంది.

ఆమె మొహంలో నవ్వు లేదు. వెక్కిరింతో మన్నింపో అతనికి అర్థం కాలేదు. అర్థం చేసుకోవడానికన్నట్టు మళ్ళీ మర్నాడు వచ్చాడు. తర్వాత రోజూ వచ్చాడు. ఊరికే రాలేదు, కట్టెలు చీల్చాడు, బల్లలు తోమాడు, నీళ్ళు మోశాడు.

విర్పి వాళ్ళ నాన్న ఆర్వోకి అతనితో ఒక్కటే బాధ. సౌనాలో మాట్లాడతాడు. మాట్లాడకపోతే గడియారం చూస్తాడు. మాల్టే తెచ్చి గోడకి తగిలించుకున్న ఇసుక గడియారాన్ని ఆర్వో మొదటిరోజే అడ్డంగా తిప్పి పెట్టాడు. "ఒంటికి చాలనిపిస్తే లేస్తాం. ఇసుకనడగం," అన్నాడు. ఆ నెలలో ఆయన మాట్లాడిన అతి పెద్ద మాట అదే.

సెప్టెంబరు వానలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం పని ముగించి చూరు కింద నిలబడ్డారు విర్పీ, మాల్టే. వాన సరస్సు మీద ముసుగు వేసినట్టు దిగుతోంది. మాల్టే లాట్వియాలో తనను ఓక్ ఆకుల కట్టలతో బాది ఒంటికి తేనె పూసిన ముసలమ్మ గురించి చెప్పాడు. రష్యాలో తలకి ఉన్ని టోపీ లేకుండా లోపలికెళ్తే పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారన్నాడు. ఇంగ్లండులో అందరూ చెడ్డీలతో కూర్చుని వాతావరణం గురించి మాట్లాడుకున్నారట. ఒకచోట కొండల మీద తీగకి వేలాడే పెట్టెలోనే సౌనా కట్టారట, చెమటలు పట్టింది వేడికో భయానికో తెలియలేదట.

"ఇన్ని చూశావు కదా. ఏది బాగుంది?"

అతను జవాబు చెప్పకుండా ఆమెనే చూశాడు. చూరు నుంచి కారిన నీటిచుక్క ఆమె చెంప మీద పడితే, చెయ్యెత్తి తుడవబోయి, మధ్యలో ఆగిపోయాడు. ఆ ఆగిన చెయ్యి గురించి విర్పి రాత్రంతా ఆలోచించింది. ఆమె మాత్రం, తుడవమన్నట్టుగా ఒక్క అడుగు ముందుకి వెయ్యలేదు. వెయ్యడం రాదు. పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ ఏదీ అడిగిన మనిషి కాదు.

మూడు రోజులు తిరక్కుండానే తెలిసింది. సౌనాకి వచ్చే పోస్టాఫీసు ఉద్యోగిని హిల్లెవి మాటల్లో మాటగా అంది, మాల్టేని లైప్‌జిగ్ వాళ్ళు పెద్ద ఉద్యోగంలోకి పిలిచారని, అక్కడ 'ఫిన్లాండు సాయంత్రాలు' అని కొత్త ప్రదర్శన పెడుతున్నారని, అది నడపడానికి ఇతనే కావాలంటున్నారని.

అదా సంగతి అనుకుంది విర్పి. ఈ నీళ్ళు మొయ్యడం, కట్టెలు చీల్చడం, చూరు కింద కబుర్లు, అన్నీ రంగురంగుల దీపాల కింద తువ్వాలు తిప్పడానికి సరుకు పోగుచేసుకోవడమా. అతన్ని అడగలేదు. అతనూ చెప్పలేదు. ఆమె మాటలు సగమయ్యాయి, తర్వాత అవీ ఆగాయి. అతను ఏమైందని రెండుసార్లు అడిగాడు. ఏం లేదంది.

అలాంటి రోజుల్లోనే ఆర్వో హఠాత్తుగా, "కుర్రాణ్ణి ద్వీపానికి తీసుకెళ్దాం," అన్నాడు. సరస్సు మధ్య ద్వీపంలో వాళ్ళ తాత కట్టిన పొగ సౌనా ఉంది. పరాయివాళ్ళని ఆయన అక్కడికి పిలిచిన గుర్తు విర్పికి లేదు. వద్దందామనుకుంది. కారణం చెప్పాల్సి వస్తుందని ఊరుకుంది.

దానికి పొగగొట్టం ఉండదు. రాళ్ళ గుట్ట కింద పొద్దున్నుంచీ మంట మండుతుంది, పొగంతా గదిలోనే తిరిగి తలుపులోంచి పోతుంది. నిప్పు పూర్తిగా చచ్చి, లోపలి విషవాయువు వెళ్ళిపోయేదాకా బయట కూర్చుని ఎదురు చూడాలి. ఆ వాయువుకి రంగూ ఉండదు, వాసనా ఉండదు.

సాయంత్రానికి పడమర నల్లబడింది. గాలి లేచింది. ఆర్వో ఆకాశం వైపు చూసి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"ఇంకాసేపు ఆగుదామండీ," అన్నాడు మాల్టే. "రాళ్ళ అడుగున ఇంకా ఎర్రగా కనిపిస్తోంది."

"వాన ముంచుకొస్తోంది. మా సౌనా నాకు తెలుసు."

మాల్టే విర్పి వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పు. నా లెక్క ప్రకారం ఇంకా గంట పడుతుంది."

లెక్క అన్న మాట దగ్గర విర్పికి ఎక్కడో కాలింది. "నీ లెక్కలు లైప్‌జిగ్‌లో చెప్పుకో. నాన్నా, నువ్వెళ్ళు," అంది.

ఆర్వో లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు.

మాల్టే మూసిన తలుపునే చూశాడు. తర్వాత, "లైప్‌జిగ్ సంగతి నీకెవరు చెప్పారు?" అని మెల్లగా అడిగాడు.

"ఎవరైతేనేం. నువ్వు చెప్పలేదు."

"నువ్వడగలేదు."

విర్పి సరస్సు వైపు తిరిగిపోయింది. మొదటి చినుకులు పడుతున్నాయి. లోపల ఒకసారి రాళ్ళ మీద నీళ్ళు చిటపటలాడాయి. ఆ తర్వాత చప్పుడు లేదు.

మాల్టే తలుపు దగ్గరికెళ్ళి చెవి ఒగ్గాడు. "రెండోసారి నీళ్ళు పొయ్యలేదు," అన్నాడు.

"ఆయన అంతే. నిశ్శబ్దంగా కూర్చుంటాడు. తలుపు తీశావో ఇంక నీ మొహం చూడడు."

"పిలుస్తాను."

"సౌనాలో మనిషిని పిలవకూడదు," అంది విర్పి. నాన్న మౌనం ఆమెకి పుట్టినప్పట్నుంచీ తెలుసు. ఒక్కో మౌనానికి ఒక్కో అర్థం తెలుసు. ఈ మౌనం ఏ రకమో తెలియలేదు.

"నన్ను జీవితాంతం తిట్టనీ," అని మాల్టే తలుపు లాగాడు.

ఆర్వో పై బల్ల మీద గోడకి జారగిలబడి ఉన్నాడు. గడ్డం రొమ్ముకి ఆనింది. గరిటె కింద పడుంది.

"వెనక కిటికీ తెరువు," అని అరిచి మాల్టే ఊపిరి బిగబట్టి లోపలికి దూకాడు. విర్పి గోడ చుట్టూ పరుగెత్తి కొయ్య కిటికీ గుద్ది తెరిచింది. గాలి ఈలవేసుకుంటూ లోపలికి పోయింది. తిరిగొచ్చేసరికి మాల్టే ఆర్వో చంకల కింద తువ్వాలు వేసి గడప దాకా ఈడ్చుకొచ్చి, అక్కడ మోకాళ్ళ మీద పడిపోయి దగ్గుతున్నాడు. ఇద్దరూ కలిసి గడ్డిలోకి లాగారు. వాన జోరందుకుంది. ఆర్వో పెదాల దగ్గర చెంప ఆనించి చూసింది విర్పి. ఊపిరి ఉంది. పిలిస్తే పలకడం లేదు.

ఫోన్లో అంబులెన్సు వాళ్ళు ఒడ్డుకి వచ్చి ఉంటామన్నారు. పడవలో విర్పి ఇంజను పట్టుకుంది. మాల్టే తన కోటు ఆర్వోకి కప్పి, తల ఒళ్ళో పెట్టుకుని, అర్థమయ్యే మనిషికి చెప్పినట్టు జర్మనులో ఏదో చెబుతూనే ఉన్నాడు. అలలు పడవని ఎత్తి కుదేస్తున్నాయి.

"వెళ్ళమంది నేనే," అంది విర్పి. "నీ మీద కోపంతో వెళ్ళమన్నాను."

"ఇప్పుడది వద్దు. గట్టు చూడు."

"ఆయన లేవకపోతే..."

"విర్పీ, గట్టు చూడు."

ఆమె గట్టు చూసింది. వానలో నీలం దీపం తిరుగుతూ కనిపించేదాకా కళ్ళు తిప్పలేదు.

ఆసుపత్రిలో ఆర్వో మొహానికి ఆక్సిజన్ పెట్టారు. ఇంకాస్త ఆలస్యమై ఉంటే మేం చెయ్యగలిగింది ఉండేది కాదంది డాక్టరు. ఆ మాట విన్నాక విర్పి గోడ పట్టుకుని నిలబడింది. మాల్టే పక్కనే ఉన్నాడు. పట్టుకోలేదు, దూరంగానూ జరగలేదు. అతని జుట్టుకి, చొక్కాకి అంతా మసి.

చాలాసేపటికి ఆర్వో కళ్ళు తెరిచాడని నర్సు వచ్చి చెప్పింది. ఇద్దరూ లేచారు. నర్సు మాల్టేని ఆపింది. "కుటుంబం వాళ్ళనే పంపిస్తాం. ఈయన మీకేమవుతారు?"

విర్పి మాల్టే వైపు చూసింది. మా కుటుంబమే అంటే అబద్ధం. కాదనడానికి మనసు ఒప్పలేదు. మాల్టే తల వంచి, "నేను బయట ఉంటాను," అని వెనక్కి తిరిగాడు.

లోపలి మంచం మీంచి మాస్కు పక్కకి జరిపి ఆర్వో బొంగురుగా అన్నాడు. "మా ఇంటివాడే. రానివ్వండి."

నర్సు పక్కకి తప్పుకుంది. మాల్టే వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. ఆర్వో అతన్ని పైనుంచి కిందికి చూశాడు.

"తలుపు తీసింది నువ్వేనా?"

"నేనేనండీ."

"ఊఁ," అన్నాడు ఆర్వో. మళ్ళీ మాస్కు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆయన చెయ్యి మాత్రం దుప్పటి మీంచి జరిగి, మాల్టే మణికట్టు పట్టుకుంది. నిద్రపట్టేదాకా వదల్లేదు.

వరండాలో కాఫీ మిషను పక్కన బెంచీ మీద కూర్చున్నారు. కిటికీ బయట వాన పల్చబడింది. విర్పి కాఫీ తాగకుండా కప్పునే తిప్పుతోంది.

"లైప్‌జిగ్ వాళ్ళకి ఏం చెప్పావు?"

"ఇంకా ఏమీ చెప్పలేదు."

"ఎందుకని?"

"ఉండిపొమ్మని ఎవరైనా అడుగుతారేమో అని చూస్తున్నాను. చూరు కింద ఒకసారి అడుగుతావనుకున్నాను."

"ఉండాలనుకున్నవాడు ఉంటాడు. మేం అడగం."

"అడక్కుండా ఉండిపోతే ఎదుటివాళ్ళ గుమ్మంలో పడి ఉన్నట్టు మాకు," అన్నాడు మాల్టే. "నన్ను ఒకసారి ఆహ్వానం లేని గదిలోకి వెళ్ళినందుకు ఉడకబెట్టావు కూడా."

ఆమెకి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. కప్పు కింద పెట్టింది. రాళ్ళ మీద బకెట్టు కుమ్మరించడం, తుఫానులో పడవ నడపడం ఆమెకి కష్టం కాలేదు. ఈ ఒక్క మాట కష్టమైంది.

"ఉండిపో," అంది. తర్వాత, అది ఆజ్ఞలా వినిపించిందేమోనని, "ఉంటావా?" అంది.

మాల్టే జేబులోంచి ఫోను తీశాడు. అక్కడికక్కడే లైప్‌జిగ్‌కి చేసి, జర్మనులో గబగబా మాట్లాడాడు. విర్పికి ఒక్క ముక్క అర్థం కాలేదు, చివర్లో తన పేరు తప్ప. ఆ పేరు అతను రెండుసార్లు చెప్పాడు. రెండోసారి అవతలి మనిషికి వినపడలేదేమో, ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు.

"ఏమన్నారు?" అంది విర్పి, అతను ఫోను పెట్టెయ్యగానే.

"ఎందుకు రానంటున్నావని అడిగారు."

"నువ్వేమన్నావు?"

"విన్నావుగా."

ఆమె చెంప మీద తడి ఉంది. ఈసారి అతని చెయ్యి మధ్యలో ఆగలేదు. ఆమె చెంప నల్లబడింది. మసి అంటిందని చెప్పాడు. ఉండనీ అంది.